తొలి పట్టభద్రురాలు – అయ్యలసోమయాజుల లలిత

విద్యార్థి జీవితంలో స్నాతకోత్సవం ఒక పర్వదినం. ప్రాచీన గురుకులాలలో విద్య ముగించుకొన్న బ్రహ్మచారి మంగళస్నానం చేసి, గురువు అనుమతితో ఇంటికి మరలేవాడు. ఈ సంస్కారానికి సమావర్తనమని పేరు. అట్లు స్నానమాచరించినవాడు స్నాతకుడు. విశ్వవిద్యాలయాలు పట్టాలను ప్రదానం చేసే ఉత్సవానికి ఆ మాటనుబట్టే స్నాతకోత్సవమనే పేరు ఏర్పడింది. స్నాతకుడనే మాట పుంలింగం. ఆధునిక యుగంలోనూ ఇంజనీరింగు పట్టాలోని భాష చాలాకాలం పుంలింగంలోనే ఉండిపోయింది. ఆ భాషను దిద్దవలసిన అవసరాన్ని కల్పించిన విదుషి లలిత.

లలిత 1919 ఆగస్టు 27న మద్రాసులో ఒక తెలుగు కుటుంబంలో జన్మించింది. తండ్రి పప్పు సుబ్బారావు గిండీ ఇంజనీరింగు కళాశాలలో విద్యుత్ శాస్త్రాచార్యుడు. నాటి ఆచారం ప్రకారం ఆమెకు 1934లో, పదిహేనవ ఏటనే వివాహం జరిగింది. 1937లో కుమార్తె పుట్టింది. పసికందుకు నాలుగు నెలల వయసు ఉన్నప్పుడే భర్త కన్నుమూశాడు. పద్దెనిమిదేళ్ల వయసులో వైధవ్యం! ఆ కాలంలో వితంతువుకు లోకం నాలుగు గోడలను మాత్రమే విడిచిపెట్టేది. లలిత ఆ కట్టుబాటుకు తలవంచలేదు. బిడ్డను తన కాళ్లమీద నిలబడి పెంచాలని నిశ్చయించుకొని, క్వీన్ మేరీస్ కళాశాలలో ఇంటర్మీడియట్ ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణురాలైంది. వైద్యవృత్తికి వేళాపాళా ఉండదు. పసిబిడ్డ తల్లికి అది పొసగదు. కనుక ఆమె మనస్సు తండ్రి శాస్త్రం వైపు మొగ్గింది.

గిండీ కళాశాల 1794లో భూమి కొలతల పాఠశాలగా మొదలైంది. అప్పటివరకు అందులో ఆడపిల్లలు చదివిన ఆనవాయితీ లేదు. సుబ్బారావు ప్రధానాచార్యుడు కె.సి. చాకోను, ప్రభుత్వ విద్యాశాఖ సంచాలకుడు స్టాథమ్‌ను అర్థించి, కుమార్తె ప్రవేశానికి అనుమతి సంపాదించాడు. 1940లో లలిత విద్యుత్ ఇంజనీరింగులో చేరింది. వందలాది యువకుల నడుమ ఒకే ఒక యువతి! కుమార్తె బంధువుల ఇంట పెరుగుతుండగా, తాను వసతిగృహంలో ఉండి చదువుకొన్నది. కూతురి ఒంటరితనాన్ని గ్రహించిన తండ్రి, స్త్రీలకు ప్రవేశం కలదని ప్రకటన ఇవ్వవలసిందిగా కళాశాలను ఒప్పించాడు. ఫలితంగా లీలమ్మ జార్జి, పి.కె. త్రేసియా సివిల్ ఇంజనీరింగులో చేరారు.

1943లో లలిత చదువు పూర్తయింది. మద్రాసు విశ్వవిద్యాలయం వారి పట్టా పత్రంలో పట్టభద్రుని తెలిపే సర్వనామం ఆంగ్లంలో ‘హి’ అనే అచ్చయి ఉన్నది. స్త్రీ ఒకరు ఆ పత్రాన్ని అందుకొంటుందని అచ్చువేసినవారు ఊహించలేదు. అధికారులు ఆ మాటను కొట్టివేసి, ‘షి’ అని దిద్ది ఇచ్చారు. ఒక విశ్వవిద్యాలయం తన విద్యార్థినికి చేయగల సత్కారాలలో ఇంతకంటె గొప్పది మరొకటి ఉండబోదు.

జమాల్‌పూర్ రైల్వే కర్మాగారంలో శిక్షణ పొందిన అనంతరం ఆమె సిమ్లాలో కేంద్ర ప్రమాణాల సంస్థలో పనిచేసింది. 1948లో కలకత్తాలోని అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లో చేరి, విద్యుత్ సరఫరా మార్గాలకు, సబ్‌స్టేషన్లకు రూపకల్పన చేసింది. భాక్రానంగల్ ఆనకట్ట నుండి విద్యుత్తును చేరవేసే పనిలో ఆమె కృషి ఉన్నది. 1964లో న్యూయార్కులో జరిగిన తొలి అంతర్జాతీయ మహిళా ఇంజనీర్ల, శాస్త్రవేత్తల సదస్సుకు హాజరైంది. 1979లో, అరవయ్యవ ఏట పరమపదించింది.

ఇప్పుడు ఇంజనీరింగు స్నాతకోత్సవంలో ఒక అమ్మాయి వేదికనెక్కి పట్టా అందుకొంటే ఎవరికీ వింత కాదు. ఆమె పత్రంలో కొట్టివేతలు ఉండవు. ఆ కొట్టివేత ఒకనాడు లలిత పట్టాపై జరిగిపోయింది.

ప్రశ్నలు

1. ‘స్నాతకోత్సవం’ అనే పేరు ఎట్లు ఏర్పడింది?
2. లలిత విద్యాభ్యాసంలో తండ్రి పాత్రను వివరించండి.
3. లలిత పట్టాలో జరిగిన సవరణ ప్రాముఖ్యాన్ని తెలపండి.