ఫిజియోథెరపిస్టు: చదువు, కొలువు

మన దేశంలో ఫిజియోథెరపీ చదువుకు పోలియోతో సంబంధం ఉంది. 1950ల తొలినాళ్లలో బొంబాయిలో పోలియో ప్రబలాక, అక్కడి కేఈఎం ఆస్పత్రిలో శిక్షణ మొదలైంది.

ఇంటర్ బైపీసీ తర్వాత చేరే డిగ్రీ బీపీటీ (బ్యాచిలర్ ఆఫ్ ఫిజియోథెరపీ). చాలాకాలం నాలుగేళ్ల చదువు, ఆరు నెలల ఇంటర్న్‌షిప్‌గా సాగింది. 2025 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక దాన్ని ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదేళ్లు చేసింది. ఆపై పీజీ అయిన ఎంపీటీ రెండేళ్లు. హైదరాబాద్ నిమ్స్‌లో, తిరుపతి స్విమ్స్‌లో బీపీటీ ఉంది.

అనాటమీ ఎంత చదివినా అసలు విద్య రోగి మంచం పక్కనే అబ్బుతుంది. మోకాలి మార్పిడి అయినవారి కాలు ఎంత వంగుతోందో గోనియోమీటర్‌తో కొలుస్తారు. కుర్చీలోంచి సులువుగా లేవాలంటే 90 డిగ్రీలు దాటి వంగాలి. నొప్పికి జంకే పెద్దాయనకు ధైర్యం చెప్పి రోజూ కొంత కొంతగా అక్కడిదాకా తీసుకురావాలి. ఈ ఓర్పుకు మన సమాజం ఇవ్వాల్సినంత గౌరవం ఇంకా ఇవ్వడం లేదు.

కొలువులు ఆస్పత్రులు, క్రీడాజట్లు, పునరావాస కేంద్రాల్లో దొరుకుతాయి. సొంత క్లినిక్ కూడా పెట్టుకోవచ్చు. అమెరికా వెళ్లి పనిచేయాలనుకునేవారు అక్కడి లైసెన్స్ పరీక్ష ఎన్‌పీటీఈ గట్టెక్కాలి. అక్కడ ఈ వృత్తికి చదవాల్సింది డాక్టర్ ఆఫ్ ఫిజికల్ థెరపీ.

పోటీ పరీక్షల బిట్లకు: ఫిజియోథెరపీకీ వర్తించే జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం 2021లో వచ్చింది. ప్రపంచ ఫిజియోథెరపీ దినోత్సవం సెప్టెంబర్ 8.