పొట్టేలు పిల్లల మేపు: కండ ఎప్పుడు, క్రొవ్వు ఎప్పుడు?



సంతలో మూడు నాలుగు నెలల పొట్టేలు పిల్లలను కొని, కొంతకాలము మేపి, బరువెక్కిన పిదప అమ్ముట మన పల్లెలలో అందరికిని తెలిసిన వ్యాపారమే. ఒకే సంతలో, ఒకే మందలో కొన్న పిల్లలతో ఒకరు లాభము గడింతురు, మరియొకరు పెట్టిన దాణా ఖర్చు కూడ రాక నష్టపోదురు. ఈ తేడాకు జాతి, జబ్బు, సంత ధర కొంత కారణములే. కాని ముఖ్యమైన కారణము వేరొకటి గలదు. ఏ వయసులో ఏ మేత పెట్టవలెను, ఏ బరువు వద్ద మేపు ఆపి అమ్మవలెను అను రెండు విషయములను గుర్తెరిగినవారికే ఈ పని గిట్టుబాటగును. ఆ రెంటిని గూర్చి ఇక్కడ వివరించుచున్నాము.

ఎముక ముందు, కండ తరువాత, క్రొవ్వు చివర

పొట్టేలు పిల్ల శరీరములోని భాగములన్నియు ఒకే వేగమున పెరుగవు. మొదట మెదడు, నరములు, ఆ పిమ్మట ఎముకలు, తరువాత కండ, అన్నిటి చివర క్రొవ్వు పెరుగును. పుట్టిన పిల్లకు కాళ్లు పొడవుగా, తల పెద్దదిగా, తొడలు పలుచగా ఉండుట మీరు చూచియే యుందురు. నెలలు గడచిన కొలది నడుము, తొడలు నిండుకొనును. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునకు చెందిన జాన్ హామండ్ అను శాస్త్రజ్ఞుడు గొర్రెల ఎదుగుదలను ఏండ్ల తరబడి పరిశీలించి, ఈ వరుసను 1932లో తన గ్రంథమున విపులముగా వివరించెను.

క్రొవ్వు చేరుటలోను ఒక వరుస గలదు. మొదట మూత్రపిండముల చుట్టును, ప్రేగుల మీద పొరగాను చేరును. తరువాత కండల నడుమ, ఆపైన చర్మము క్రింద, కట్టకడపట కండ పోగుల మధ్య చేరును. కనుక చర్మము క్రింద క్రొవ్వు చేతికి దళసరిగా తగులుచున్నదనగా, కడుపులో అంతకు ముందే చాల క్రొవ్వు పేరుకొనియున్నదని అర్థము. ఆ కడుపులోని క్రొవ్వును మాంసము కొట్టువాడు తీసి ప్రక్కన పెట్టును. దానికి మాంసము ధర రాదు.

తిన్న మేత కూడ ఇదే వరుసలో పంచబడును. మేత చాలనప్పుడు మొదట నిలిచిపోవునది క్రొవ్వు, తరువాత కండ; ఎముక ఎదుగుదల అన్నిటికంటె ఆలస్యముగా దెబ్బతినును. కరవు కాలములో పిల్లలు ఎత్తు మాత్రము పెరిగి, ప్రక్కటెముకలు బయటపడి యుండుటకు కారణమిదే.

తల్లి గొర్రె నాటి నుండియే శ్రద్ధ

మీ సొంత మందలో పుట్టిన పిల్లలనే మేపువారైతే, తల్లి చూలుతో ఉన్నప్పుడే శ్రద్ధ వహింపవలెను. కడుపులోని పిల్ల బరువులో మూడింట రెండు వంతులకు పైగా చివరి ఆరు వారములలోనే పెరుగును. కండలోని పోగుల సంఖ్య దాదాపుగా పుట్టుకతోనే నిర్ణయమైపోవును. పుట్టిన పిదప ఆ పోగులు లావెక్కుటయే గాని, సంఖ్య పెద్దగా పెరుగదు. కావున చూలు గొర్రెను చివరి నెలన్నర ఎండు బీళ్లలో ఆకలితో త్రిప్పినచో, ఆ నష్టమును తరువాత ఎంత దాణా పెట్టినను పూర్తిగా పూడ్చలేము.

పుట్టిన వెంటనే, గంట రెండు గంటలలోపల, పిల్లకు ముర్రుపాలు త్రాగింపవలెను. రెండు వారముల వయసు నుండి లేత గడ్డిని, గుప్పెడు దాణాను అందుబాటులో ఉంచినచో, నెమరు వేయు పెద్దపొట్ట త్వరగా ఎదుగును.

పెద్దపొట్టలో జరుగు పని

గొర్రె తిన్నదానిని మొదట జీర్ణము చేయునది గొర్రె కాదు, దాని పెద్దపొట్టలో నివసించు కోట్లాది సూక్ష్మజీవులు. ఇవి గడ్డిలోని పీచును పులియబెట్టి కొన్ని ఆమ్లములుగా మార్చును. గొర్రెకు కావలసిన శక్తిలో ఎక్కువ పాలు ఆ ఆమ్లముల నుండియే లభించును. సూక్ష్మజీవులు వృద్ధి చెంది, మేతతో పాటు ముందుకు సాగి, తామే జీర్ణమై గొర్రెకు మాంసకృత్తులుగా ఉపయోగపడును.

ఈ సూక్ష్మజీవులకును ఆహారము కావలెను. మేతలో మాంసకృత్తులు నూటికి 7 పాళ్ల కంటె తగ్గినచో ఇవి సరిగా వృద్ధి కావు. పీచు జీర్ణము కాక పొట్టలోనే నిలిచియుండును. అందుచే గొర్రె తినుట తగ్గించును. వరిగడ్డిలో మాంసకృత్తులు నూటికి 3, 4 పాళ్లే. వట్టి వరిగడ్డి మీద పెరిగిన పిల్లలకు డొక్కలు ఉబ్బి, తొడలు ఎండి యుండుటకు ఇది యొక ముఖ్య కారణము. నులిపురుగులు దీనికి తోడైనచో పిల్ల ఇక కోలుకొనదు. అటువంటి పిల్లకు రోజూ కొద్దిగా అవిసె ఆకు గాని, సుబాబుల్ ఆకు గాని, దశరథ గడ్డి గాని, వేరుసెనగ కట్టె గాని జోడించినచో, అదే గడ్డిని ఎక్కువగా తిని, బాగుగా జీర్ణము చేసికొనును. సుబాబుల్ ఆకు మాత్రము మొత్తము మేతలో మూడవ వంతుకు మించరాదు. అందలి విష పదార్థము వలన ఉన్ని, వెండ్రుకలు రాలిపోవు ప్రమాదము గలదు.

మాంసకృత్తులు, శక్తి: ఇవి జోడెడ్లు

కండ కట్టుటకు మాంసకృత్తులు కావలెను. ఆ పని జరుగుటకు శక్తి కావలెను. శక్తి నిచ్చునవి మొక్కజొన్న, జొన్న, నూకలు మొదలగు గింజలు. మాంసకృత్తుల నిచ్చునవి చెక్కలు, పప్పుజాతి పశుగ్రాసములు. ఈ రెండును కాడికి కట్టిన జోడెడ్ల వంటివి. ఒకటి వెనుకబడినచో రెండవదాని బలము కూడ వృథాయే.

చిన్న వయసులో నూకలు, మొక్కజొన్న మాత్రము విరివిగా పెట్టి, చెక్క పెట్టకున్నచో, కండ కట్టుటకు సరుకు లేక, మిగిలిన శక్తి క్రొవ్వుగా నిలువయగును. పిల్ల నున్నగా కనిపించును గాని చట్రము చిన్నదిగానే ఉండిపోవును. దీనికి విరుద్ధముగా, శక్తి చాలని పిల్లకు చెక్క ఎక్కువగా పెట్టినచో, అది ఖరీదైన మాంసకృత్తులను పొయ్యిలో కట్టెల వలె కాల్చి శక్తిగా వాడుకొనును. అనగా మీ చెక్క డబ్బు బూడిదయైనట్లే.

వయసు పెరిగిన కొలది కండ పెరుగు వేగము తగ్గును గనుక, మాంసకృత్తుల పాలు కొంత తగ్గింపవచ్చును. ఆ ప్రకారము 100 కిలోల దాణాను ఈ విధముగా కలుపుకొనవచ్చును.

మొదటి రెండు నెలలకు: మొక్కజొన్న నలుగు 45 కిలోలు, వేరుసెనగ చెక్క 22 కిలోలు, నూనె తీసిన తవుడు 29 కిలోలు, ఖనిజ లవణ మిశ్రమము 2 కిలోలు, సున్నపురాయి పొడి 1 కిలో, ఉప్పు 1 కిలో. ఇందులో మాంసకృత్తులు సుమారు 17 పాళ్లు ఉండును.

తరువాతి కాలమునకు: మొక్కజొన్న నలుగు 57 కిలోలు, వేరుసెనగ చెక్క 12 కిలోలు, నూనె తీసిన తవుడు 27 కిలోలు, ఖనిజ లవణ మిశ్రమము 2 కిలోలు, సున్నపురాయి పొడి 1 కిలో, ఉప్పు 1 కిలో. ఇందులో సుమారు 14 పాళ్లు ఉండును.

మొక్కజొన్న ప్రియమైనప్పుడు కొంత భాగమునకు బదులుగా జొన్నలు గాని, నూకలు గాని వాడవచ్చును. బూజు పట్టిన చెక్కను మాత్రము ఎంత చౌకగా దొరికినను కొనరాదు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా సీమకోడి పిల్లలు చనిపోగా, వాటి మేతలోని వేరుసెనగ చెక్కకు పట్టిన బూజు విషమే కారణమని తేలినది. గొర్రెలు ఈ విషమును కోళ్ల కంటె ఎక్కువగా ఓర్చుకొన్నను, వాటి కార్జము దెబ్బతిని ఎదుగుదల కుంటుపడును.

ఎంత పెట్టవలెను?

ఎదిగే పిల్ల రోజుకు తన బరువులో నూటికి సుమారు 4 పాళ్లు పొడి పదార్థము తినును. 15 కిలోల పిల్లకు ఇది 600 గ్రాములు. 250 గ్రాముల దాణా, ఒక కిలో పచ్చిమేత, 150 నుండి 200 గ్రాముల ఎండుమేత పెట్టినచో సరిపోవును. పచ్చిమేతలో మూడు వంతులకు పైగా నీరే గనుక, కిలో పచ్చిమేతను కిలో మేతగా లెక్కింపరాదు. బరువు పెరిగిన కొలది మేతను ఇదే పాళ్లలో పెంచవలెను. మంచి నీరు ఎల్లప్పుడును అందుబాటులో ఉండవలెను.

తొందరపాటు ప్రాణాంతకము

బీడులో గడ్డి మేసి వచ్చిన పిల్లకు ఒక్కసారిగా అర కిలో గింజలు పెట్టరాదు. గింజలు పెద్దపొట్టలో అతివేగముగా పులిసి ఆమ్లము పెరుగును. పీచును జీర్ణము చేయు సూక్ష్మజీవులు నశించును. పిల్ల మేత మాని, పారుకొని, ఒకటి రెండు దినములలో చనిపోవచ్చును. కావున 50 గ్రాములతో మొదలుపెట్టి, మూడు నాలుగు దినములకొకసారి 50 గ్రాముల చొప్పున పెంచుచు, రెండు మూడు వారములలో పూర్తి మోతాదునకు తీసికొనిరావలెను. దాణాను ఉదయము, సాయంత్రము రెండు భాగములుగా, కొంత ఎండుమేత తినిన పిమ్మటనే పెట్టవలెను. దాణా బస్తాలను పిల్లలు తెంచుకొని తినలేని చోట భద్రపరుపవలెను.

బలమైన మేతతో వచ్చు రెండవ ముప్పు చిటుకు రోగము. మందలో బాగుగా మేసి బలిసిన పిల్లయే తెల్లవారుసరికి చచ్చిపడి యుండుట దీని లక్షణము. తొలకరి గడ్డి లేచినప్పుడును, దాణా పెంచినప్పుడును ఇది హెచ్చు. తొలకరికి ముందే టీకా వేయించుట ఒక్కటే రక్ష. బయటనుండి కొనితెచ్చిన పిల్లలకు టీకా వేయించి, నులిపురుగుల మందు త్రాగించిన తరువాతనే దాణా మేపు ప్రారంభింపవలెను. చెరువు అంచులలో మేసి వచ్చినవైనచో కార్జపు జలగలకును మందు ఇప్పింపవలెను.

మూడవది మూత్రములో రాళ్లు. తవుడు, గింజలలో భాస్వరము ఎక్కువ, సున్నము తక్కువ. ఈ మేత ఎక్కువ దినములు తిన్న పొట్టేళ్లకు రాళ్లు ఏర్పడి మూత్రము బిగియవచ్చును. పైన చెప్పిన దాణాలో సున్నపురాయి పొడిని, ఉప్పును చేర్చినది ఇందుకే. ఉప్పు వలన అవి నీరు ఎక్కువగా త్రాగును.

కిలో క్రొవ్వునకు ఎంత మేత?

ఇక అసలు లెక్కకు వత్తము. పచ్చి కండలో సుమారు నాలుగింట మూడు వంతులు నీరే. కిలో కండలో ఉన్న శక్తి సుమారు 1200 కిలో కేలరీలు. క్రొవ్వు కణజాలములో నీరు చాల తక్కువ. అందుచే కిలో క్రొవ్వులో సుమారు 8000 కిలో కేలరీలుండును. కండ తయారగునపుడు శక్తి కొంత ఎక్కువగా వృథా యగు మాట నిజమే. అయినను కిలో క్రొవ్వు చేరుటకు కిలో కండకంటె ఎన్నో రెట్లు మేత పట్టును. సంతలో మాత్రము త్రాసుకు రెండును ఒకటే కిలో.

ఒక ఉదాహరణ చూడుడు. మొదటి నెలలో ఒక పిల్ల 24 కిలోల పొడి మేత తిని 4 కిలోలు పెరిగినదనుకొందము. కిలో పెరుగుటకు 6 కిలోల మేత పట్టినది. అయిదవ నెలలో అదే పిల్ల 33 కిలోల మేత తిని 3 కిలోలే పెరిగినచో, కిలోకు 11 కిలోల మేత పట్టినది. రెండవసారి పెరిగిన బరువులో క్రొవ్వు పాలు ఎక్కువ. పెద్దదైన శరీరమును నిలుపుకొనుటకే చాల మేత ఖర్చైనది. మీ ఊరి మేత ధరతో ఈ 11 కిలోలను గుణించి చూచుకొనుడు. అది కిలో బరువుకు వచ్చు ధరను దాటిన నాడు, ఆ పిల్లకు పెట్టు ప్రతి పిడికెడు దాణాయు మీ చేతి నుండి పోవు డబ్బే.

వృషణములు తీయని పొట్టేలు వేగముగా పెరిగి, క్రొవ్వు తక్కువగా పట్టును. వృషణములు తీసినది త్వరగా క్రొవ్వెక్కును. కనుక చిన్న వయసులోనే మాంసమునకు అమ్మదలచిన పిల్లలకు ఆ పని చేయింపనవసరము లేదు.

ఎప్పుడు అమ్మవలెను?

పదిహేను దినములకొకసారి, ఉదయము మేతకు ముందు, పిల్లలను తూచి పుస్తకములో వ్రాసికొనుడు. తూచిన నాడే చేతితోను పరీక్షింపుడు. చివరి ప్రక్కటెముక వెనుక, నడుము మీద చేయి ఉంచి వ్రేళ్లతో నొక్కి చూడవలెను. వెన్నుముళ్లు, ప్రక్కకు పొడుచుకొని వచ్చు ఎముకల కొనలు వాడిగా తగిలినచో పిల్ల ఇంకను బక్కదే, మేపవలెను. ఎముకలు తెలియుచున్నను కొనలు గుండ్రముగా ఉండి, వాటి నడుమ కండ నిండుగా ఉన్నచో అమ్మకమునకు తగిన అదను. ఎంత నొక్కినను ఎముక తెలియక, తోక మొదట మెత్తని దిండువలె తగులుచున్నచో మీరు ఆలస్యము చేసినారని అర్థము.

మాంసమునకు రుచి, మెత్తదనము రావలెనన్నచో కొంత క్రొవ్వు ఉండవలసినదే. బక్రీదుకో, జాతరకో బలిసిన పొట్టేలును చూపును బట్టి ఎక్కువ ధరకు కొనువారు గలరు. అటువంటి బేరము ముందుగా కుదిరినచో, మిగిలిన దినముల మేత ఖర్చును లెక్క కట్టి, ధర దానికి మించునప్పుడు మాత్రమే ఆపుకొనుడు. మందనంతయు ఆ ఆశతో నిలుపవద్దు. అదనుకు వచ్చిన పిల్లలను అమ్మి, ఆ కొట్టములో, ఆ మేతతోనే మరియొక జట్టు చిన్న పిల్లలను మేపుట మేలు. అదే కిలో మేత చిన్న పిల్ల కడుపున పడినచో కండయగును.