ఓడినపిమ్మట మరల మొదలుపెట్టుట

వీడియో ఆట యను మాట వినఁబడఁగానే మన విద్యార్థుల కన్నులు మెఱయును. తల్లిదండ్రుల కనుబొమలు ముడివడును. రెండింటికిని కారణములు లేకపోలేదు. ఆటలు మంచివా చెడ్డవా యను తగవులో మేమిప్పుడు ప్రవేశింపము. అది మన పాఠశాలలో ఏటేట జరుగుచునే యున్నది, ఏటేట తేలక నిలుచుచునే యున్నది. మేము పరిశీలింపఁ గోరినది వేఱొక విషయము. ఆటలో ఇరువది మాఱులు ఓడిన బాలుఁడు ఇరువదియొకటవ మాఱు కూర్చుండి మొదలుపెట్టును. అదే బాలుఁడు గణితపరీక్షలో ఒక్కమాఱు తప్పినచో నెలదినములు ఆ పుస్తకమును ముట్టఁడు. వానియందు ఓర్పు లేదని యెట్లనఁగలము? ఉన్న ఓర్పు ఒకచోట మేలుకొని వేఱొకచోట నేల నిదురించుచున్నది? ఈ ప్రశ్న ఉపాధ్యాయులకును తల్లిదండ్రులకును ముఖ్యమైనది. విద్యార్థులకు మఱింత ముఖ్యమైనది.

మా పదవతరగతి విద్యార్థులలోఁ గొందఱు, శ్రీసిటీ కర్మాగారములలోఁ బనిచేయు తమ అన్నల కంప్యూటర్లపై ఆడుకొను ఆట యొకటి కలదు. దాని పేరు ‘ది లాంగ్ డార్క్’, దీర్ఘాంధకారమని చెప్పుకొనవచ్చును. కెనడాదేశమందలి హింటర్‌ల్యాండ్ అను సంస్థవారు దానిని 2014 వ సంవత్సరమున అసంపూర్ణరూపమునను, 2017 ఆగస్టులో సంపూర్ణరూపమునను వెలువరించిరి. అయస్కాంతపు తుపాను చెలరేఁగి విద్యుత్తంతయు నశించిన పిమ్మట, ఉత్తరదేశపు మంచుటడవిలో ఒంటరిగాఁ జిక్కుకొన్న మనుష్యుఁడు ఎన్ని దినములు బ్రతుకఁగలఁడన్నదే ఆట. చలి, ఆఁకలి, దప్పిక, అలసట యను నాలుగును వాని శత్రువులు. తోడేళ్లును ఎలుఁగుబంట్లును వానికిఁ దోడు. మార్గశిరమాసమునఁ గూడ కంబళి యక్కఱలేని మన తడ పిల్లలు మంచులో గడ్డకట్టి చచ్చుటను గూర్చి యంత శ్రద్ధగా మాటలాడుకొనుట వినుటకు వింతగానే యుండును.

ఆ యాటలో నిప్పు రాఁజుటకు అగ్గిపుల్ల యొక్కటే చాలదు. ఎండుపుల్లలు వలయును, గాలి తగులని చోటు వలయును. గాలి దిక్కు మాఱినచో మంట ఆఱిపోవును. మంచును కరఁగించి, కాఁచి త్రాగవలెను. పలుచని మంచుపలకపై నడచినవాఁడు క్రింది నీటఁ బడును. తడిసిన బట్ట చలిని రెట్టించును. మోయఁదగినదానికంటె నెక్కువ మోసినచో అడుగు సాగదు. నిటారైన వాలున దిగఁబోయిన మడమ బెణఁకును. వేఱేమియు దొరకనపుడు నీటియొడ్డునఁ బెరుగు జమ్ము ప్రాణము నిలుపును. మన చెఱువుగట్టులయందలి జమ్మునకు అది చుట్టమే.

ఆట మొదట వెలువడిననాఁటినుండియు దానికిఁ బేరు తెచ్చిన నియమ మొకటి కలదు. ఆటగాఁడు చనిపోయినచో సాధారణముగా అంతవఱకు దాఁచుకొన్న ఆటయంతయుఁ దుడిచివేయఁబడును. మైన్‌క్రాఫ్ట్ అను ఆటను మీలోఁ బలువు రెఱుఁగుదురు. అందు సాధారణముగాఁ జచ్చినవాఁడు వెంటనే మరలఁ బుట్టును. వాని సామగ్రి చచ్చినచోటఁ బడియుండును. త్వరగా పరుగెత్తి యేఱుకొనవచ్చును. ఈ నియమమున ఆపాటి కరుణయును లేదు. ఏఁబది దినములు పోగుచేసిన కట్టెలు, మాంసము, తోలు, కుట్టుకొన్న అంగీలు సమస్తమును పోవును. మిగులునది యించుమించుగా ఆడినవాని తలలోఁ జేరినంతయే.

ఒక విద్యార్థిని మేము కూర్చుండఁబెట్టి, వాని యోటములను వరుసగాఁ జెప్పుమంటిమి. మొదటిమాఱు సంజవేళ బయలుదేఱి, చీఁకటిలో నిప్పులేక చలికిఁ జచ్చెనఁట. రెండవమాఱు తోడేలును జూచి పరుగెత్తి, అలసి దానికిఁ జిక్కెను. మూఁడవమాఱు ఆఁకలికి ఓర్వలేక పచ్చిమాంసము తిని రోగము తెచ్చుకొనెను. నాలుగవమాఱు మంచుపలక విఱిగెను. అయిదవమాఱు తిండియు నిప్పును సమృద్ధిగా నుండఁగా, ఇంకను కొంచెము తెచ్చుకొందమని గుడిసెకు దూరముగాఁ బోయి మంచుతుపానులో దారి తప్పెను. ఏడవ యోటమివఱకు వాఁడు తడుముకొనక చెప్పెను. మొగలురాజుల వరుసను వాఁడు చరిత్రపాఠమున నెన్నఁడును అంత చక్కఁగాఁ జెప్పియుండలేదు.

ఆ వరుసను మేము వ్రాసికొని చూచితిమి. ఏ రెండు చావులును ఒక్క కారణమున వచ్చినవి కావు. వాఁడు ఇంకను ఓడుచునే యున్నాఁడు, నిజమే. కాని పాత యోటమి తిరిగి రాలేదు. అభివృద్ధి యనఁగా నిదియే గదా! “మరలఁ బ్రయత్నింపుము” అని పెద్దలము చెప్పునపుడు ఈ సంగతిని మఱచుచుందుము. నిప్పులేక రాత్రి నడచి చచ్చినవాఁడు మరునాఁడును అట్లే నడచినచో, నూఱుమాఱులు మొదలుపెట్టినను దానికి మొండితనమని పేరు. ఓటమికిని పునఃప్రారంభమునకును నడుమ ఒక ప్రశ్న యుండవలెను: నన్ను చంపినదేమి?

ఆటలో ఈ ప్రశ్నకు సమాధానము సులభముగా దొరకును. చలి యెంత, ఆఁకలి యెంత యను కొలతలు కన్నులయెదుటనే యుండును. చావు కారణముతోఁ గూడియే వచ్చును. నిన్నటి నియమములే నేఁడును ఉండును. నేర్చుకొన్నది వ్యర్థము కాదు. అన్నిటికంటె ముఖ్యమైనది, ఓడినవానిని ఎవ్వరును జూడలేదు. నవ్వినవారు లేరు, జాలిపడినవారును లేరు. సిగ్గుపడుటకుఁ బట్టు కాలముకూడ మరల ఆడుటకే మిగులును.

మన పరీక్షలమాట చూడుఁడు. సమాధానపత్రము వ్రాసినవానికి అది రెండు మూఁడు వారములకుఁ దిరిగి వచ్చును. అప్పటికి ఆ లెక్క యెట్లు చేసెనో వానికే జ్ఞప్తియుండదు. పైన ఒక అంకె యుండును. 35 కు లోపలనా పైననా యని చూచి కాగితమును నాలుగుగా మడిచి సంచిలో దోపును. కారణమంతయు లోపలి పుటలలోనే యుండును, గాని అంకెను జూచినకన్ను లోపలికిఁ బోదు. ఇఁక ఇంటికిఁ బోయినచో పినతండ్రి సూళ్లూరుపేటనుండి ఫోను చేసి యడుగును, పొరుగింటివారు అడుగుదురు, సంతలో కూరగాయలవాఁడును అడుగును. పదవతరగతి తప్పినవారికి మన రాష్ట్రమున కొలఁది వారములలోనే సప్లిమెంటరీ పరీక్ష కలదు. దానఁ గృతార్థుఁడైనవానికి సంవత్సరము పోదు. తలుపు తెఱచియే యున్నది. అయినను ఆ తలుపుదాఁక రాని పిల్లలను మేము ఎఱుఁగుదుము. వారిలో కొందఱు ఆ యేడే పనికిఁ బోయిరి, కొందఱు బాలికలకుఁ బెండ్లి మాటలు మొదలయ్యెను. వారిని అడ్డగించినది గణితము కాదని మా నమ్మకము.

నలుగురిలో ఓడియు మరల మొదలుపెట్టిన కథ యొకటి మన పులికాటు సరస్సున కావలిగట్టుననే జరిగినది. శ్రీహరికోటనుండి 1979 ఆగస్టు 10 వ తేదీన ఎస్.ఎల్.వి.-3 అను రాకెట్టు మొదటిమాఱు ప్రయోగింపఁబడెను. 22 మీటర్ల యెత్తు, 17 టన్నుల బరువు, నాలుగు అంతస్తులు గల యా రాకెట్టునకు ఏ.పీ.జే. అబ్దుల్ కలాముగారు ప్రాజెక్టు డైరెక్టరు. మొదటి అంతస్తు చక్కఁగానే మండెను. రెండవదానియందు త్రోవ తప్పి, ఉపగ్రహముతోఁగూడ బంగాళాఖాతమునఁ గూలెను. దేశమంతయుఁ జూచుచుండఁగా సంవత్సరముల శ్రమ నిమిషములలో సముద్రము పాలయ్యెను.

అప్పుడు ఇస్రో అధ్యక్షులైన సతీష్ ధావన్‌గారు చేసిన పనిని కలాముగారు తరువాతికాలమునఁ బలుమాఱులు చెప్పుచుండెడివారు. విలేఖరులయెదుటికి ధావన్‌గారే వెళ్లి, ఓటమి బాధ్యతను తమపై వేసికొని, తమవారు మరల సాధింతురని చెప్పిరి. లోపల పనివారు కారణమును వెదకుచుండిరి. రెండవ అంతస్తునకు దిక్కు చూపు వ్యవస్థలో ఒక కవాటము చిక్కుకొని మూసికొనకపోవుటచేత ఆమ్లము కాఱిపోయెనని తేలెను. అంత పెద్ద రాకెట్టును గూల్చినది అంత చిన్న పనిముట్టు! ప్రయోగమునకు ముందు కంప్యూటరు ఆపుమని సూచింపఁగా, దానిని కాదని సాగించితినని కలాముగారు తామే సభలలోఁ జెప్పిరి. తరువాతి సంవత్సరము, 1980 జూలై 18 వ తేదీన, ఎస్.ఎల్.వి.-3 మరల లేచి 35 కిలోగ్రాముల రోహిణి ఉపగ్రహమును కక్ష్యలోఁ బ్రవేశపెట్టెను. ఆనాఁడు విలేఖరులతో మాటలాడుటకు ధావన్‌గారు తాము పోక, కలాముగారిని పంపిరి.

ఈ కథను బడులలో ధైర్యమునకు ఉదాహరణముగాఁ జెప్పుచుందురు. మేము దానిని పనివిభాగమునకు ఉదాహరణముగాఁ జదువుచున్నాము. సిగ్గును మోయుట యొకరి పని. కవాటమును వెదకుట వేఱొకరి పని. రెండును ఒక్కని తలపైఁ బడినచో కవాటము దొరకదు. తప్పిన బాలుని యింట ధావన్‌గారి పని యెవరు చేయుచున్నారు? పొరుగింటివారి ప్రశ్నకు తండ్రియే “మా లెక్క మేము చూచుకొందుము లెండి” యని యొక్కమాట చెప్పినచో, వాఁడు ఆ సాయంకాలమే కాగితము విప్పఁగలఁడు.

పాఠశాలలో మావంతు పని యిది. ఈ సంవత్సరము గణితపత్రములను దిద్ది, మొదటిదినమున అంకె వేయక పిల్లలచేతికిచ్చితిమి. పోయిన ప్రతిమార్కు ప్రక్కనను కారణము వ్రాయవలెను: తెలియదు, తెలిసియు తప్పితిని, ప్రశ్న సరిగాఁ జదువలేదు, సమయము చాలలేదు. అంకె మరునాఁడు చెప్పితిమి. మొదట పిల్లలు విసుగుకొనిరి; మా సహోపాధ్యాయులలోను ఒకరిద్దఱు నవ్విరి. ఏడు చావులు చెప్పిన యా బాలుఁడు అర్ధసంవత్సరపరీక్షలో తప్పినవాఁడే. వాని పత్రమున నాలుగవవంతు నష్టము కేవలము గుర్తులను, అనఁగా ధనఋణములను, తాఱుమాఱు చేయుటవలన వచ్చినట్లు వాఁడే లెక్కించెను. తరువాతి పరీక్షలోను వాఁడు గెలువలేదు; మూఁడు మార్కులు తక్కువయ్యెను. కాని కాగితము మడవక ఉపాధ్యాయుల గదికిఁ దానై వచ్చి, “సార్, ఈ మాఱు చచ్చినది వేఱే కారణమునకు, టైము చాలలేదు” అనెను. ఇప్పుడు గడియారము నెదుటఁ బెట్టుకొని లెక్కలు చేయుట వానికి నేర్పుచున్నాము. (రాత్రి నిదుర మానుకొని ఆడువారు ఈ వ్యాసమును ఇంటిలో అనుమతిపత్రముగాఁ జూపకుందురుగాక.)

ఆటకును అడవికిని గల భేదమును చెప్పక విడుచుట తగదు. తెఱమీఁది అడవి ఎన్నిమాఱులైనను చావనిచ్చును. తడకుఁ బడమరనున్న కొండల యడవి అట్లు చేయదు. మద్రాసునుండి వచ్చువారు తడ జలపాతమని పిలుచు ఉబ్బలమడుగునందు, పైకి నిశ్చలముగాఁ గనఁబడు మడుగులలో దిగి ప్రాణములు పోఁగొట్టుకొన్న యువకులు కలరు. ఈఁత వచ్చినవారును అందుండిరి. వర్షము పైకొండపైఁ గురిసినచో, క్రింద ఎండ కాయుచుండఁగానే ఏఱు పొంగును. అచ్చట తప్పు చేసి నేర్చుకొందమన్నచో నేర్చుకొనువాఁడు మిగులఁడు.

మఱి అడవిలో బ్రతికినవారు ఎట్లు నేర్చిరి? శ్రీహరికోట అడవిలో తరతరములుగా యానాదులు నివసించిరి. ఏ దుంప తినఁదగినది, ఏ చెట్టున తేనె పట్టును, ఏ కాలువలో ఏ వేళ చేఁప దొరకును, ఏ వేరు ఏ నొప్పికి మందు అను జ్ఞానమును వారు పుస్తకములు లేకయే నిలుపుకొనిరి. ముందువారి యోటములు కథలై, హెచ్చరికలై, పెద్దలవెంట నడచు పిల్లలకుఁ జేరెను. 1969 లో ఆ ద్వీపము రాకెట్టు కేంద్రమునకై యెన్నుకొనఁబడిన పిమ్మట పెక్కు కుటుంబములు ఆ యడవిని విడిచి వేఱుచోట్లకుఁ బోవలసివచ్చెను. ఆకాశమునకు దారి కనుఁగొన్న మనము ఆ జ్ఞానమును వ్రాసి దాఁచుకొనుటకుఁ దగినంత శ్రమపడలేదని మా యభిప్రాయము. మన పాఠశాలలోనే యానాది కుటుంబముల పిల్లలున్నారు. వారి తాతలనడిగి వ్రాసికొనివచ్చుటకు ఎనిమిదవతరగతికి ఈ వేసవి సెలవులలో పని యిచ్చియున్నాము.

విహారమునకై పిల్లలను ఉబ్బలమడుగునకుఁ గొనిపోవునపుడు, ఏ మడుగున ఎవరు ఎట్లు మునిఁగిరో ఎఱిఁగిన సమీపగ్రామస్థు నొకని ముందు నడువవలెనని నిశ్చయించుకొంటిమి. మొదటి మడుగువద్ద నిలిచి అతఁడు చెప్పునది ముగియువఱకు ఎవ్వరును చెప్పులు విడువఁగూడదు.