తెలుగు ఉందా? యూఐ ఉందా?

పిల్లలూ, బదిలీ అయి కొత్త బడిలో చేరేటప్పుడు అక్కడ తెలుగు ఉందో లేదో ముందే అడుగుతాం కదా! లేకపోతే ఇంట్లో చదువుకుంటాం, బడి మానేయం.

ఆటకు ప్రోగ్రాం రాసేటప్పుడూ ఇదే పద్ధతి. 2002 నాటి రోలర్‌కోస్టర్ టైకూన్ 2ను అభిమానులు ఓపెన్‌ఆర్‌సీటీ2 పేరుతో మళ్లీ రాశారు. దానికి మనం జావాస్క్రిప్ట్‌లో ప్లగిన్లు రాయవచ్చు. తెరమీద విండో చూపించాలంటే 'యూఐ' కావాలి. తెర లేకుండా నడిచే సర్వర్‌లో యూఐ ఉండదు. అక్కడ దాన్ని పిలిస్తే ప్లగిన్ మధ్యలోనే ఆగిపోతుంది.

'ఇఫ్ యూఐ' అని రాస్తే చాలదా? చాలదు. ప్రకటించని పేరును అలా తాకినా ఎర్రరే! మేమూ మొదట్లో అక్కడే బోల్తాపడ్డాం. 'టైపాఫ్ యూఐ' అని అడిగితే ఎర్రర్ రాదు. 'అన్‌డిఫైన్డ్' అని మాత్రమే చెబుతుంది. అప్పుడు విండో పని వదిలేసి మిగతాది నడిపిస్తాం.