పేరు నీదే ఉండాలె

చిరంజీవి అల్లునికి,

ఎల్లారెడ్డి నుంచి నీ మేనమామ దీవించి రాసేది.

సంక్రాంతి కబడ్డీ పోటీల్లో కూతకు పోయి గెలిచిన ఐదు వేలు అమ్మ చేతుల పెట్టినవట. పైసలు ముట్టుకుంటే యూనివర్సిటీ జట్టుకు పనికిరావేమోనని కామారెడ్డి హాస్టల్లో నిద్రపోతలేవట. చెమటోడ్చి తెచ్చినవి బిడ్డా, తలదించుకునుడు ఎందుకు?

ఆటకు పైసలు తీసుకోవద్దనే కట్టుబాటు కడుపు నిండినోళ్లు పెట్టింది. జిమ్ థోర్ప్ అని అమెరికా ఆదివాసీ, 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో రెండు బంగారు పతకాలు గెలిచిండు. అంతకుముందు 1909, 1910 ఎండకాలాల్లో కొద్ది పైసలకు బేస్‌బాల్ ఆడిండని 1913లో రెండూ గుంజుకున్నరు. అట్ల ఆడిన కాలేజీ పిల్లలు చాలామంది దొంగపేర్లు పెట్టుకుని తప్పించుకున్నరు. ఆయన సొంత పేరుతో ఆడిండు, దొరికిండు. 1953లో కన్నుమూసిండు. పతకాలు ఆయన పిల్లల చేతికి వచ్చింది 1983లో. అక్కడి కాలేజీ ఆటగాళ్లు తమ పేరు మీద సంపాయించుకోవచ్చని ఒప్పుకునేసరికి 2021 అయింది.

మన కబడ్డీలో చూడు. 2023 ఆసియా క్రీడల్లో బంగారం తెచ్చిన జట్టుకు కెప్టెన్ పవన్ సెహ్రావత్. ఆ బంగారం తెచ్చిన నెలలనే ఆటగాళ్ల వేలంలో తెలుగు టైటాన్స్ ఆయనకు 2 కోట్ల 60 లక్షలు పెట్టింది. పైసలు తీసుకున్నడని దేశం ఆయన్ను వద్దన్నదా?

నాకు భయం వేరే ఉన్నది. పక్క ఊరోళ్లు వేరే పిలగాని పేరు మీద ఆడుమంటున్నరట. నీ వయసుల నేను అట్లనే ఒప్పుకున్న. రెండో కూతలనే మోకాలు తిరిగింది. పిలిచినోళ్లు ఆటో ఎక్కించి పోయిండ్రు. దవాఖాన చీటీల ఎవరి పేరో ఉంటే ఎవర్ని అడుగుత? మీ తాత బర్రెనమ్మి కట్టు కట్టించిండు. ఇప్పటికీ మెట్లెక్కంగ ఆ కాలు గుంజుతది. సర్కారు కొలువుల్లో ఆటగాళ్లకు 2 శాతం కోటా ఉన్నది గదా, దానికి చూపే ఆట సర్టిఫికెట్ మీద నీ పేరే ఉండాలె. దొంగపేరు బయటపడితే అదీ పోతది.

ఇంకోటి. నీ రీల్స్ చూసి బెట్టింగ్ యాప్ వాళ్లు పైసలిస్తమన్నరని మీ చెల్లె చెప్పింది. వద్దు. 2025 మార్చిలో అసొంటి ప్రచారానికే హైదరాబాద్‌లో సినిమావాళ్ల మీద గూడ కేసులైనయి. నీ మొకం చూసి మన ఊరి పిలగాడు అప్పుల పడితే నేను తట్టుకోలేను.

ఆదివారం బస్సెక్కి రా. ఆ యాప్ వాళ్ల మెసేజ్ తుడపకు, నాకు చూపియ్యి. అత్త సర్వపిండి చేస్తనన్నది.

నీ మామ