మనస్సు అలసినచో

రాయలసీమ పల్లెలలో రాతిగుండు నెత్తుట యువకులకొక పందెము. వల్లూరు విద్యార్థి యొకడు దానిని అభ్యసించుచున్నాడనుకొందము. నిన్న పదిమారులెత్తిన గుండును, పగలంతయు పరీక్షకు చదివిన నేటి సాయంకాలమున ఏడవమారుకే దింపివైచెను. “నా బలమేమైనది?” అని కుందెను.

ఇటలీ దేశమున ట్యూరిన్ నగరమందు ఏంజెలో మోస్సో యను శాస్త్రజ్ఞుడుండెను. వ్రేలితో బరువు నెత్తించి అలసటను కొలుచు యంత్రమును ఆయన నిర్మించెను. ఆయన సహచరుడు మజ్జోరా విద్యార్థులను గంటలకొలది మౌఖికముగా పరీక్షించి వచ్చి బరువు నెత్తగా, వ్రేలు మునుపటికంటె త్వరగా సొలసెను. శ్రమించినది చేయి కాదు, మనస్సే! మోస్సో 1891లో అలసటనుగూర్చి గ్రంథము ప్రకటించెను.

2009లో బ్రిటన్ పరిశోధకులు కొందరిచే 90 నిమిషములు మనస్సునకు శ్రమ కలిగించు పని చేయించి, పిమ్మట వ్యాయామపు సైకిలు త్రొక్కించిరి. వారు విశ్రాంతిగానున్న నాటికంటె ముందే విరమించిరి. హృదయము, ఊపిరితిత్తులు చక్కగనే పనిచేసెను. శ్రమ మాత్రము అధికముగా తోచెను. మనస్సు అలసినపుడు ఒక్కమారు మిక్కిలి బరువునెత్తు శక్తి అంతగా తగ్గదనియు, పలుమారులెత్తు ఓర్పు తగ్గుననియు తరువాతి పరిశోధనలు తెలుపుచున్నవి.

కావున ఆ బాలుని బలము పోలేదు, మనస్సు డస్సినది. అట్టినాడు బరువు తగ్గించి, కంటినిండ నిద్రించి, మరునాడు యత్నింపవలెను. అలసటను దౌర్బల్యమని భ్రమించి అభ్యాసమును మానువాడే నిజముగా ఓడినవాడు.