వెలుతురు లెక్క: ఫొటో మాస్టారు చెప్పిన నాలుగు పాఠాలు

ఫొటోగ్రఫీ అన్న మాట గ్రీకు భాషలోంచి వచ్చింది. వెలుతురుతో గీయడం అని దాని అర్థం. ఫ్రాన్సు దేశంలో డాగెర్ కనిపెట్టిన పద్ధతిని 1839 ఆగస్టు 19న లోకానికి వెల్లడించారు. అందుకే ఆ రోజును ప్రపంచ ఫొటోగ్రఫీ దినంగా జరుపుకుంటారు.

వేసవి సెలవుల్లో నేను పాడేరులో ఒక స్టూడియో మాస్టారి దగ్గర పదిహేను రోజులు విడిగా పాఠాలు చెప్పించుకున్నాను. ఆయన రీలు కెమెరాల కాలం నుంచి ఫొటోలు తీస్తున్నారు. ఫీజు వద్దన్నారు. పొద్దున్నే స్టూడియో తుడిస్తే చాలన్నారు. మన ఊళ్లలో పెద్దవాళ్లు "మాది నల్ల మొహం, ఫొటోలో పడదు" అని పక్కకి తప్పుకుంటారు కదా! అది నిజమేనా అని తెలుసుకోవాలనే వెళ్లాను.

మొదటి పాఠం - చూపు: మూడు రోజులు కెమెరా ముట్టనివ్వలేదు. గుమ్మం దగ్గర కూర్చోబెట్టి, దారిన పోయేవాళ్ల ముఖాల మీద వెలుతురు ఎటునుంచి పడుతోందో చెప్పమనేవారు. మధ్యాహ్నం ఎండ నడినెత్తిన ఉంటే కళ్ల గుంటల్లో నీడ నిలుస్తుంది. పొద్దున, సాయంత్రం వెలుతురు పక్కనుంచి వస్తుంది. గుమ్మంలో నీడపట్టున నిలబడి బయటకు చూసేవారి ముఖం మీద వెలుతురు మెత్తగా, సమంగా పడుతుంది.

రెండో పాఠం - బిందె లెక్క: కుళాయి కింద బిందె నింపడం మనకు తెలుసు. కుళాయి ఎంత తిప్పాం, ఎంతసేపు ఉంచాం అన్నదే లెక్క. కెమెరాలో కుళాయి అపర్చరు, సమయం షట్టరు. అపర్చరు అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది. 2.8, 4, 5.6, 8, 11, 16 - ఒక్కో మెట్టుకు వెలుతురు సగం తగ్గుతుంది. ఐఎస్‌ఓ అంటే బిందె సైజు లాంటిది. అంకె పెరిగేకొద్దీ తక్కువ వెలుతురుతోనే బిందె నిండుతుంది, కాని బొమ్మలో ఇసక రేణువుల్లా మచ్చలు వస్తాయి. మంచి ఎండలో ఐఎస్‌ఓ 100, అపర్చరు 16, షట్టరు సెకనులో 125వ వంతు పెడితే దాదాపు సరిపోతుంది. థింసా ఆడేవాళ్ల కాళ్లు చెదరకుండా రావాలంటే 500వ వంతు కావాలి.

మూడో పాఠం - మీటరు: ఇదే అసలు పాఠం. కెమెరాలోని మీటరుకి మనిషి తెలీదు. ఎదుట ఉన్నదంతా కలిపి ఒక మధ్యరకం బూడిద రంగు అనుకుంటుంది. వెనక తెల్లగోడో ఆకాశమో ఉంటే "అమ్మో, వెలుతురెక్కువ" అని తగ్గించేస్తుంది. గోడ బూడిదగా, ముఖం మసిగా పడుతుంది. అప్పుడు కెమెరాలో ప్లస్ 1 పెట్టాలి, అంటే వెలుతురు రెట్టింపు చేయాలి. ఫోనులో అయితే ముఖం మీద వేలు పెట్టి సూర్యుడి గుర్తును పైకి జరపాలి. లేదా మనిషిని మట్టిగోడ ముందుకి తీసుకురావాలి.

మాస్టారు ఇంకో సంగతి చెప్పారు. కొడాక్ కంపెనీ వెనకటికి ల్యాబులకు షర్లీ కార్డు అని ఒకటి పంపేది. దాని మీద తెల్లజాతి అమ్మాయి బొమ్మ ఉండేది. ఆ ముఖం బాగా వస్తే రంగులు సరిగా ఉన్నట్టు లెక్క! రకరకాల రంగుల మనుషులున్న కార్డు 1990ల్లో గాని రాలేదు. కనుక మిత్రులారా, ఫొటోలో పడకపోవడం మన ముఖాల లోపం కాదు. లెక్క మనల్ని చూసి కట్టలేదు, అంతే.

నాలుగో పాఠం - అడగడం: అరకు చూడ్డానికొచ్చినవాళ్లు కొందరు అడక్కుండానే మనవాళ్లను ఫొటో తీసుకుపోతారు. అది ఎక్కడికి పోయిందో మనకు తెలీదు. "అడిగి తియ్యి, తీసింది ఇయ్యి" అన్నారు మాస్టారు.

చివరి రోజుల్లో ఆయన పాత డిజిటల్ కెమెరా ఇస్తే ఊరికి తీసుకెళ్లి, అమ్మమ్మని అడిగి, గుమ్మంలో కూర్చోబెట్టి తీశాను. అప్పటిదాకా ఆమెకు ఆధార్ కార్డు మీది ఫొటో ఒక్కటే ఉండేది. ప్రింటు చేతికిస్తే ముందుగా నుదుటి పచ్చబొట్టు మీద వేలు పెట్టి, "ఇది కూడా పడిందే!" అంది. ఇప్పుడు పక్కింటి పెద్దవాళ్లు కూడా తీయమని అడుగుతున్నారు.

మనం చేయవలసింది: పరీక్ష దరఖాస్తులకు ఫొటోలు తీసే రోజున ఎండ నేరుగా పడని వరండాలో బెంచీ వేయాలి. వెనక తెల్లగుడ్డ కట్టి, ముఖం బయటివైపు తిప్పి, ప్లస్ 1 పెట్టి తీయాలి. వార్డెన్ సారు అనుమతిస్తే గుడ్డ కట్టడానికి నేను, మా తొమ్మిదో తరగతి వాళ్లు సిద్ధం.